సీటు కింద అమ్మవారు

మొన్న ఉదయం గుమ్మంలో పడ్డ తాళంచెవి తీయబోయి, వంగినవాడిని వంగినట్టే ఉండిపోయాను. ఎదురింట్లోకి కొత్తగా దిగినాయన, నేనేదో తనకి వంగి దణ్ణం పెడుతున్నాననుకుని కంగారుపడి, తనూ వంగి దణ్ణం పెట్టాడు. ఆయన లేచాడు, నేను లేవలేదు. సాయంత్రానికి వీధిలో నా వినయం గురించి చెప్పుకున్నారట. జన్మకి అదే మొదటిసారి. మా ఆవిడ ఆటోలో కూలేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మనవడి వయసున్న ఆ కుర్రాడు, "ఈ నొప్పి ఎప్పట్నుంచి తాతగారూ?" అని అడిగాడు. అడక్కుండా ఉండాల్సింది. నడుం సంగతి అలా ఉంచి నాకు కోపం వచ్చేసింది. ఆ నొప్పిదీ ఈ కోపానిదీ ఒకటే వయసు.

పందొమ్మిది వందల అరవైల చివర సాలూరులో లారీ నడిపేవాడిని. మాస్టారు వేయించే గోడకుర్చీలకి జడిసి ఐదో క్లాసులోనే బడి మానేసి, జన్మంతా కూర్చునే ఉద్యోగంలో చేరాను. ఉప్పు బస్తాలతో ఘాటీ ఎక్కి, అవతల ఒడిశాలో దింపి, చింతపండో కలపో వేసుకుని దిగి రావడం నా పని. ఒక వానాకాలం ఎడమ పిర్రలో నొప్పి మొదలైంది. తొడ వెనక నుంచి పిక్కలోకి, అక్కణ్ణించి బొటనవేలి దాకా, ఎవరో కాల్చిన తీగ లాగుతున్నట్టు ఉండేది. దగ్గినా నొప్పే, తుమ్మినా నొప్పే, నా హాస్యానికి నేను నవ్వుకున్నా నొప్పే. ఊరంతా వైద్యులే కదా. వాతమన్నారు, ఇంజను వేడన్నారు, వావిలాకు కాపడం పెట్టించారు. ఆఖరికి, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద తన్నించుకోమన్నారు. అలాంటివాళ్ళ కోసం ఊరు దాటాల్సిన పని లేకపోయింది. మా ఆవిడ, అంటే మా మేనమామ కూతురు, కాళ్ళు ముందు పెట్టే భూమ్మీదకి వచ్చింది. ఆదివారం పొద్దున్నే నన్ను బోర్లా పడుకోబెట్టి తన్నేది.

"తగ్గినాదేటి బావా?"

"నేదు."

"అయితే ఇంకోటి తంతానుండు."

ఆ మాటలో విచారం నాకైతే వినపడలేదు.

ఇలా నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో నవ్వు రాలేదు. క్లచ్చి మీద పెట్టిన పాదం ఉందో లేదో తెలియడం మానేసింది. ఘాటీ మలుపులో అది తెలియకపోతే, ఆ తర్వాత తెలుసుకోవడానికి మనిషి మిగలడు. లారీ యజమాని షావుకారుతో చెప్పాను. "దొంగ నడుంరా నీది. రేపు బండెక్కకపోతే తాళం ఇంకోడికిస్తాను" అన్నాడు, కొట్లో తను కూర్చునే పరుపు మీద నుంచి లేవకుండానే. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ తాళంతోనే.

మర్నాడు బండెక్కాను. దిగి వచ్చాక విజయనగరం పోయి ఒక పెద్ద డాక్టరుకి చూపించుకున్నాను. ఆయన నన్ను బల్ల మీద పడుకోబెట్టి కాలు తిన్నగా పైకెత్తాడు. నేను ఆయన వంశాన్ని లోలోపల తలుచుకున్నాను. తర్వాత వెనక్కి తిరగమని, నా ఖాకీ నిక్కరు చూశాడు. ఎడమ పక్కే అరిగి, మాసిక పడి, ఆ మాసికా అరిగిపోయి ఉంది. "నువ్వు కూర్చునే చోటే ఏదో ఉందయ్యా. అక్కడ నరం నలుగుతోంది. ముందు నీ సీటు చూసుకో" అన్నాడు.

ఆ మాసికలు వేసి వేసి విసిగిన మా ఆవిడ నాతో లారీ షెడ్డుకి వచ్చింది. క్యాబిన్ ఎక్కి నా చోట కూర్చుని, కూర్చున్నంత వేగంగా లేచింది.

"ఏటి బావా ఇది! ఇక్కడేటో గుచ్చుకుంటాంది."

"అమ్మోరు" అన్నాను.

అంతకు ముందు ఏడాది షావుకారు లారీ ఒకటి ఘాటీలో పడిపోయింది. దాంతో ఆయన అమ్మవారి గుడి వాకిట్లో నుంచి గుప్పెడంత రాయి తెచ్చి, ఎర్రగుడ్డలో చుట్టి, పూజ చేయించి, నేను కూర్చునే చోటే సీటు పీచులో కుట్టించేశాడు. నడిపేవాడిని అంటిపెట్టుకుని ఉంటేనే బండికి కాపు అట. పీచు అరిగేకొద్దీ రాయి పైకి తేలింది. రోజూ పొద్దున్నే ఆ సీటుకి దణ్ణం పెట్టి మరీ కూర్చునేవాణ్ణి. నొప్పికి కారణం అందరిలోనూ వెతుకుతాం గానీ, దణ్ణం పెట్టిన దాంట్లో వెతుకుతామా?

ఇద్దరం షావుకారు దగ్గరికి వెళ్ళాం. అమ్మవారిని ముందు అద్దం దగ్గర పెట్టుకుంటానన్నాను.

"పూజ సేసిన సోటు మారిస్తే బండి లోయలో పడతాది" అన్నాడు.

"అయితే మీ పరుపు కింద ఎట్టుకోండి. మీ బండే కదా."

ఆయన గబగబా లెంపలు వేసుకున్నాడు. "ఒరే, అమ్మోరి మీద నాను కూకుంటానేట్రా? కళ్ళు పోవూ!"

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో మండుతోంది. మరి నా కళ్ళు? అవి లారీతో పాటు కొన్నవా? తిన్నగా షెడ్డుకి పోయి, సీటు కోసి, ఆ రాయి తెచ్చి ఆయన పరుపు నడిమధ్య పెట్టాను. నా నడుం విరిగినా కదలని మనిషి ఒక్క గెంతున లేచి నిలబడ్డాడు. తాళం ఆయనే లాక్కున్నాడు. ఆ పరుపు అమ్మవారిదైపోయి, షావుకారు చాన్నాళ్ళు స్టూలు మీద కూర్చుని వ్యాపారం చేశాడని తర్వాత విన్నాను. నేను ఇంకొకరి లారీ ఎక్కాను. కొన్ని నెలలకి నా కాలు నాకు తిరిగొచ్చింది.

ఇదంతా ఆ కుర్ర డాక్టరుకి చెప్పాను. ఇది వయసు తెచ్చిన నొప్పి, దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు. వచ్చేటప్పుడు ఆటోలో దారి పొడుగునా షావుకారుని తిడుతూనే ఉన్నాను. "ఆడి కళ్ళు కళ్ళూ, నా కళ్ళు గోళీకాయలా?" అన్నాను. మా ఆవిడ అంతా విని, ఆటో ఆగాక చేతికర్ర నాకందించింది.

"ఆ రాయి తీసి యాభయ్యేళ్ళు దాటిపోనాది బావా. నువ్వే దాని మీద్నుంచి ఇంకా లెగనేదు. దిగు, ఇల్లొచ్చినాది."