పగటి నిద్రల గెస్ట్ హౌస్

మొన్న మా మరిది ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. ఫ్రాన్సులో ఎవరో దంపతులు అరవై దాటాక ఒక పాత ఇల్లు కొని గెస్ట్ హౌస్ నడుపుతున్నారట. ఆవిడ వచ్చినవాళ్ళకు రొట్టెలు కాలుస్తోంది, ఆయన పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాడు. "ఆ వయసుల ఎంత ధైర్యం చూడు వదినా" అన్నాడు మరిది. నేను ఫోను చూడలేదు, అతని నోరు చూశాను. యాభై ఏళ్ళ కింద ఇదే నోరు మా అత్తగారిని పూటకూళ్ళమ్మ అంది. అతనికి గుర్తులేదట. నాకుంది. ఆ రోజు అతను వేసుకున్న చొక్కా రంగు కూడా చెప్పగలను. అడగలేదు కనుక చెప్పలేదు.

మాది మంథని. మామగారు పోయాక అత్తగారు ఆయన అన్న ఇంట్లో, అంటే మా పెద్దమామ ఇంట్లో, వెనక వంటగదికి అంకితమైపోయారు. నేను కోడలిగా వచ్చేసరికి ఆ ఇంట్లో రెండు పూటలా ఇరవై మందికి పైగా వండేది ఆవిడే. తిన్నవాళ్ళలో ఒక్కరైనా బాగుందనగా నేను వినలేదు. ఉప్పు తక్కువైందనడం మాత్రం చాలాసార్లు విన్నాను. పెద్దమామకు గోదావరిఖని బజారు వెనక ఒక పెంకుటిల్లు ఉండేది. కొత్త బొగ్గుబాయిలు, అంటే గనులు, తెరుస్తున్న రోజులు కదా అని అద్దెకివ్వడానికే కట్టించారు. కాని బాయి పనివాళ్ళకు ఇయ్యనని ఆయన పట్టుబట్టారు, ఆఫీసర్లేమో ఆ సందులోకి రాలేదు. ఇల్లు ఖాళీగా పడి ఉంది. మా ఆయనకు బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికినప్పుడు, ఇంట్లో దీపం వెలుగుతుందని మమ్మల్ని ముగ్గురినీ అక్కడికి పంపారు. తాళంచెవి అత్తగారికి ఇప్పిస్తూ ఇల్లు జాగ్రత్త అన్నారు. మీరు జాగ్రత్త అనలేదు.

అప్పటికి అత్తగారికి యాభై అయిదు దాటాయి. ఒకరోజు పొద్దెక్కాక మా అరుగు మీద ఎవరో కుర్రవాడు మొహాన ఎండ పడుతున్నా కదలకుండా పడుకుని ఉన్నాడు. తాగి పడ్డాడేమోనని నేను భయపడ్డాను. రాత్రి డ్యూటీ చేసి వచ్చాడని, పడుకునే చోటు లేదని పక్కింటామె చెప్పింది. అత్తగారు అతన్ని లేపి లోపల మంచం వేశారు. అంతే, ఆ నెల తిరిగేసరికి పెద్దగదిలో నులక మంచాలు వరుసగా పడ్డాయి. పొద్దుటి షిఫ్టువాడు లేచి వెళ్ళిన మంచం మీద రాత్రి షిఫ్టువాడు వచ్చి వాలేవాడు. దుప్పటి ఎవరిది వాళ్ళది, మంచం అందరిది. నెలకింతని ఇచ్చేవాళ్ళు, రెండు పూటలా అత్తగారే వండిపెట్టేవారు. అలా మా ఇంట్లో పగలే రాత్రయింది. కిటికీలకు గోనెపట్టాలు కట్టాం. దంపడం, రుబ్బడం అన్నీ సాయంత్రానికి మార్చుకున్నాం. నేను గాజులు చప్పుడు చేయకుండా మోచేతి పైకి తోసుకుని గిన్నెలు తోమేదాన్ని. మజ్జిగ అమ్మే ఆమె మా వాకిలి దాటాకే కేకేసేది. రాత్రి బాయిలో పనిచేసి వచ్చినవాణ్ణి నిద్ర లేపడమంత పాపం ఆ ఊళ్ళో ఇంకోటి లేదు.

ఇంత జరిగాక అత్తగారు గోడ మీద "గెస్ట్ హౌస్" అని రాయించారు. బజారంతా నవ్వింది. గెస్ట్ హౌస్ అంటే గుట్ట మీద ఆఫీసర్లకుండేది, ముందు పూలతోట ఉంటుంది, దీన్ని మెస్సు అనాలి అన్నారు. "మీ ఇంటికి చుట్టమొస్తె మెస్సుకొచ్చిండంటరా?" అని అడిగారు అత్తగారు. రాసింది చెరపలేదు.

ఈ సంగతి మంథనికి చేరింది. ఒక పూట భోజనాల వేళకు ముందు పెద్దమామ దిగారు, వెంట ఆయన కొడుకు, అంటే ఈ మరిది. మా ఆయన తల్లికీ ఎదురు చెప్పే రకం కాదు, పెదనాన్నకూ ఎదురు చెప్పే రకం కాదు. డ్యూటీలో ఉండబట్టి బతికిపోయారు. పెద్దమామ ఆ రోజు తాళంచెవి తీసుకుపోతే సాయంత్రానికల్లా మేం మళ్ళీ ఆ వెనక వంటగదిలో ఉంటాం. అత్తగారి తర్వాత ఆ పొయ్యి నాది. అది నాకు బాగా తెలుసు.

పెద్దమామ గొంతు ఎత్తితే రెండు వీధుల అవతలికి వినిపించేది. ఆయన నోరు తెరవగానే అత్తగారు పెదవి మీద వేలు పెట్టారు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు బావగారి ఎదుట నిలబడి మాట్లాడరు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఆయనతో ఏదన్నా చెప్పాలంటే తలుపు వెనక నుంచి చెప్పేవారు. కాని గుసగుస తలుపు దాటదు కదా. అందుకని వచ్చి ఆయనకు ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో నిలబడ్డారు.

"రాత్రి డ్యూటీవాళ్ళు పన్నరు బావగారూ. మెల్లగ తిట్టుండ్రి."

ఆయన నిజంగానే మెల్లగా తిట్టడం మొదలుపెట్టారు. మంథనిలో తలెత్తుకోనిస్తలేవన్నారు, అన్నం అమ్ముకునే గతి ఏం పట్టిందన్నారు, మన ఇంట్ల నీకేం తక్కువైందన్నారు. మెడ నరాలు ఉబ్బుతున్నాయి, గొంతు మాత్రం మంత్రం చెప్పినట్టు వస్తోంది. నవ్వు ఆపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"మా చిన్నమ్మ పూటకూళ్ళమ్మ అయిందని చెప్పుకోవాల్నా మేము?" అన్నాడు మరిది.

అత్తగారు అతని వైపు చూడలేదు. "మీ ఇంట్ల గంతమందికి వండితె ఎవలకు సిగ్గుగాలె. గిక్కడ వండితె అయితాంది. ఎందుకో నాకు సమజైతలేదు బావగారూ."

"తాళంచెవి ఇయ్యి" అన్నారు పెద్దమామ.

ఆవిడ బొడ్లోంచి తీసి ఆయన చేతిలో పెట్టారు.

"ఇల్లు మీది. కాదంటలేను. లోపల పన్నోళ్ళను మీరే లేపి పంపుండ్రి. నాతోని గాదు."

పెద్దమామ వెళ్ళి పెద్దగది తలుపు తోశారు. చీకట్లో మనుషులు అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు. ఎంత కడిగినా పోని బొగ్గు వాళ్ళ రెప్పల అంచున కాటుకలా ఉంది. వెలుతురు పడి ఒకతను కదిలాడు. కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"అవ్వా, టైమయిందా?"

"కాలేదు బిడ్డా, పను" అన్నారు అత్తగారు, పెద్దమామ భుజం వెనక నుంచి.

పెద్దమామ తలుపు దగ్గరికి లాగారు, చప్పుడు కాకుండా. తాళంచెవి గూట్లో పెట్టి, మంచినీళ్ళు కూడా తాగకుండా బస్సుకు వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అత్తగారి చేతులు ఆడినన్నాళ్ళూ ఆ మంచాలు చల్లారలేదు.

నాన్నకు ఆ రోజు జాలి కలిగిందని మరిది ఇప్పుడంటాడు. నేనొప్పుకోను. జాలిపడిన మనిషి ఆ తర్వాత వాళ్ళింట్లో జరిగిన మూడు పెళ్ళిళ్ళలో ఒక్కదానికైనా మమ్మల్ని పిలిచేవారు. నేను ఆ మాట ఎత్తితే అత్తగారు "ఉన్న పనే ఒడుస్తలేదు, పెండ్లిళ్ళకు ఏడ తిరుగుదుం" అని నవ్వేసేవారు. నేను నవ్వలేదు, ఇంకా నవ్వలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ మాట అన్నవాళ్ళ కథ మెత్తబడుతూ వస్తుంది, ఆ మాట పడ్డవాళ్ళు కూడా అలసిపోయి సరేలే అంటారు. నాకింకా అలసట రాలేదు.