వెయిటింగ్ లిస్టులో వచ్చిన సీటు

ఆ సీటు వచ్చిందన్న మెయిల్ నాకు క్లాసులు మొదలైన పన్నెండో రోజున అందింది. అప్పటికే నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జియాలజీలో చేరిపోయాను. ఐడీ కార్డు కూడా ఇచ్చేశారు. అమ్మానాన్నలు ఊళ్ళో ఉండేవాళ్ళు. తార్నాకలో ఒక మూడంతస్తుల ఇంటి మీద ఉన్న ఒంటిగదిలో అక్కా, నేనూ ఉండేవాళ్ళం. అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్దది. దగ్గర్లోని ఒక పరిశోధన సంస్థలో ల్యాబ్ అసిస్టెంటుగా కాంట్రాక్టు మీద పనిచేసేది. తనకూ పైచదువు చదవాలని ఉండేది గానీ, నన్ను పట్నం తీసుకొచ్చి చదివించాలన్న పట్టుదలలో తన సంగతి పక్కన పెట్టేసింది.

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో నాలుగు చోట్లకు అప్లికేషన్లు పెట్టాను. నాలుగూ అక్క పక్కన కూచుని నింపించినవే. వాటిలో నేను నిజంగా కోరుకున్నది ఒక్కటే. ఉత్తరాదిన, హిమాలయాల మొదట్లో ఉన్న పెద్ద విద్యాసంస్థ అది. ముందు రెండు చోట్ల నుంచి లేదని జవాబొచ్చింది. మొదటిది మెట్రో ప్లాట్‌ఫాం మీద నిలబడి చదివాను. రెండే వాక్యాలు. రైలొచ్చి వెళ్ళిపోయింది, నేను ఎక్కలేదు. రెండోది అక్క నాకన్నా ముందు చూసింది. నేను అన్నం తినేదాకా ఆగి అప్పుడు చెప్పింది. ఉత్తరాది సంస్థ వాళ్ళు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసి వెయిటింగ్ లిస్టులో పెట్టారు. మా యూనివర్సిటీలో మాత్రం మొదటి కౌన్సెలింగులోనే సీటొచ్చింది.

ఆ ఇంటర్వ్యూ బాగానే జరిగిందని అక్కకు చెప్పాను. కానీ బాగా జరగలేదు. తెర మీద ఐదుగురున్నారు. ఒకాయన మా ప్రాంతపు గ్రానైటు గుట్టల గురించి అడిగాడు. చిన్నప్పటి నుంచీ నేను ఎక్కి దిగిన గుట్టలవి. జవాబు తెలుసు. ఇంగ్లీషులో మొదలుపెట్టిన వాక్యం సగంలో ఆగిపోయింది. ఒక మాటను రెండుసార్లు తప్పుగా పలికాను. ఆ ఐదుగురిలో ఒకామె తల వంచుకుని నవ్వింది. ఆమె నవ్వు వేరే దేనికో అయ్యుండొచ్చు. ఆ మాట నాకు ఇప్పుడు తోస్తోంది గానీ అప్పుడు తోచలేదు.

మెయిల్‌లో మూడు రోజుల గడువిచ్చారు. అక్క సంతోషం చెప్పలేను. ఊళ్ళో అమ్మకు ఫోన్ చేసింది. ఆఫీసులో అందరికీ చెప్పింది. ఆ వానాకాలంలో కోఠిలో నాలుగు దుకాణాలు తిరిగి నాకు ఉన్ని స్వెట్టర్ కొనుక్కొచ్చింది. నేను మాత్రం ఆ మెయిల్ తెరిచినప్పుడల్లా తల వంచుకుని నవ్విన ఆ ముఖమే చూశాను. అక్కడ మొదటి లిస్టులో వచ్చినవాళ్ళుంటారు, గడగడా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళుంటారు. ఎవరో వద్దనుకున్న సీటులో నేను వెళ్ళి కూచోవాలి. ఇది భయం అని నాకు తెలుసు. భయపడుతున్నానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

రెండో రోజు సాయంత్రం అక్క నా బట్టలు మడతపెడుతోంది. నేను వెళ్ళనన్నాను. ఏమైందని అడిగింది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ముందుగా అనుకున్నది కాదు. కానీ వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోలేదు.

"నిన్నొక్కదాన్నే గీ రూంల ఇడిచిపెట్టి నేనెట్ల పోత అక్కా? నువ్వు నాకోసం సదువు మానుకున్నవ్. నేను గీడనే సదువుకుంట."

అక్క గంటసేపు వాదించింది. తనకేం కాదంది, రెండేళ్ళు ఎంతలో గడుస్తాయంది. నేను ఎంత మొండికేస్తే ఆ మాట అంత నిజంలా అనిపించింది. చివరికి అక్క ఏడ్చేసింది. నా తల నిమిరి, "గింత పెద్దదానివి ఎప్పుడైనవే" అంది.

మర్నాడు డిపార్ట్‌మెంటుకు వెళ్ళాను. నాకు వేరేచోట సీటొచ్చిందని తెలిసి, మా ప్రొఫెసర్ మేడం నా సర్టిఫికెట్లు తిరిగి ఇమ్మని ఆఫీసులో ముందే చెప్పి ఉంచింది. ఆమెకూ అదే చెప్పాను, అక్క ఒంటరిదైపోతుందని. మేడం కళ్ళద్దాలు తీసి, మీ అక్క అదృష్టవంతురాలమ్మా అంది. కంప్యూటర్ ల్యాబులో కూచుని ఆ సీటు వద్దని నొక్కాను. ఎందుకు వద్దనుకుంటున్నారో చెప్పమని కింద ఒక గడి వచ్చింది. కుటుంబ బాధ్యతలు అని రాశాను.

ఇక్కడి చదువుకు వంక పెట్టలేను. మేడం పాఠాలు బాగుండేవి. క్యాంపస్‌లో పెద్ద పెద్ద బండల మధ్య తిరిగి మేం పటాలు గీసేవాళ్ళం. స్నేహితులు దొరికారు. నేను సంతోషంగానే ఉన్నాను. కానీ ఊళ్ళో అమ్మ ఈ కథను అందరికీ చెప్పుకుంది. అక్క కోసం అంత పెద్ద కాలేజీ వదులుకున్న పిల్లనని చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది.

రెండో ఏడాదిలో ఒక బుధవారం అక్క టిఫిన్ డబ్బా ఇంట్లో మరిచిపోతే, ఇవ్వడానికి వాళ్ళ సంస్థ గేటు దగ్గరికి వెళ్ళాను. అక్కతో పనిచేసే ఒక పెద్దామె బయటికొచ్చి డబ్బా అందుకుంది. వెళ్ళబోతూ ఆగి, "మీ అక్కకు నువ్వన్న చెప్పమ్మా. నాగపూర్‌ల పర్మనెంట్ జాబొచ్చింది, పోనంటున్నది. శుక్రవారం దాక టైమున్నది. చెల్లె నాకోసం ఆగింది, నేనిప్పుడు దాన్ని ఇడిచిపెట్టి పోతనా అంటున్నది" అంది.

నేను తార్నాక చౌరస్తా దాకా నడిచాను. ఇంటికెళ్ళి ఒక్క నిజం చెబితే సరిపోతుంది. ఆ సాయంత్రం అక్క ఎదురుగా కూచుని, అసలు మాట మింగేసి, నీకెక్కడన్నా మంచి ఉద్యోగమొస్తే వెళ్ళు, నేను హాస్టల్లో ఉంటానని మాత్రం అన్నాను. ఆమెకది నా ఇంకో త్యాగంలా వినిపించి ఉంటుంది. నవ్వి, అట్లాంటివేవీ మనసులో పెట్టుకోకుండా చదువుకోమంది. గురువారం గడిచింది. శుక్రవారం అక్క కోడిగుడ్డు పులుసు చేసింది. ఇద్దరం తిన్నాం. గడువు అయిపోయింది.

ఎమ్మెస్సీ ఫలితాలొచ్చిన వారం ఆదివారం పొద్దున మేమిద్దరం క్యాంపస్‌లో నడకకు వెళ్ళాం. ఒక కల్వర్టు మీద కూచున్నాం. ఆ రోజు ఎందుకు చెప్పగలిగానో ఇప్పటికీ తెలియదు. ఇంటర్వ్యూ, ఆగిపోయిన వాక్యం, ఆమె నవ్వు, నా భయం, అన్నీ చెప్పాను. అక్క అడ్డురాకుండా విన్నది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"నాగపూర్ సంగతి నీకు అప్పుడే ఎర్కనా?"

అప్పుడు కూడా అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. టైముండంగనే తెలిసిందన్నాను.

అక్క లేచి చీరకంటిన దుమ్ము దులుపుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. "భయమైతున్నదని చెప్తే నేనేమన్న అంటుంటినా? నీతోని వచ్చి, అక్కడ దింపి వస్తుంటి గద."

అంతే అంది. ఇద్దరం ఇంటికి నడిచాం. తర్వాత కూడా ఎప్పుడూ ఆ విషయం తీయలేదు, నన్ను తిట్టలేదు. ఏడాది తిరిగేసరికి ఆమె కాంట్రాక్టు అయిపోయింది, మళ్ళీ పొడిగించలేదు. గోల్నాకలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షల పనిలో చేరింది. పెళ్ళయ్యాక కూడా అక్కడే చేస్తోంది. నేను ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ తార్నాకలోనే ఉంటున్నాను. పోగొట్టుకున్న కాలేజీ గురించి ఇప్పుడు పెద్దగా బాధ లేదు. చదువు ఇక్కడా చదువుకున్నాను. అక్క పోగొట్టుకున్నదాని విషయంలో మాత్రం మనసుకు సర్దిచెప్పుకోలేకపోయాను.

మొన్న అక్కకు డెంగీ వచ్చింది. బావకు సెలవు దొరకలేదు. నేను వారం రోజులు సెలవు పెట్టి గోల్నాకలో వాళ్ళింటికి వెళ్ళాను. జావ తాగించి దిండు సర్దుతుంటే, కాలేజీలో ఏమన్నా గొడవై ఇటు వచ్చావా అని అడిగింది. ఏమీ కాలేదన్నాను. నా ముఖంలోకి కాసేపు చూసి, మెల్లగా, "మరి నాకోసమే వచ్చినవా?" అంది.

అవునక్కా అన్నాను. అది నిజం. ఆమె తలూపి గోడవైపు తిరిగి పడుకుంది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. మళ్ళీ అడిగే ధైర్యం రాక, గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.