ఈ టోపీలో రమణ అంకుల్ అల్లింది ఎంత

నిన్న పొద్దున ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా రమణ అంకుల్ భార్య లలిత ఆంటీ ఫోన్ చేశారు.

"అంకుల్ నిద్రలోనే పోయారమ్మా" అన్నారు.

"సరే ఆంటీ, మీటింగ్‌లో ఉన్నాను, మళ్ళీ చేస్తాను" అన్నాను.

ఫోన్ పెట్టేశాక గానీ ఆ మాట నా బుర్రకెక్కలేదు.

లాప్‌టాప్‌లో ఎవరో నా పేరు పిలుస్తున్నారు. మూసేశాను.

అంత్యక్రియలు రేపు ఫ్రీమాంట్‌లో. ఇక్కడ మినియాపొలిస్‌లో మంచు తుఫాను. ఫ్లైట్లన్నీ క్యాన్సిల్. వెళ్ళలేను.

సాయంత్రం ఆంటీ మళ్ళీ చేశారు. ఈసారి వేరే విషయం.

"ఆయన అల్లినవన్నీ ట్రైన్‌లో వాళ్ళకే పంచేశారమ్మా. ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. నీ టోపీలో ఆయన అల్లింది ఎంతుందో, అది చూపించు నాకు. ఒక్కసారి చూసుకుంటాను."

అప్పటినుంచి టోపీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. బయట మంచు చప్పుడు లేకుండా పడుతూనే ఉంది.

ఆయన తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. రమణ అంకుల్ నాకు చుట్టం కాదు. ఫ్రీమాంట్‌లో ఉన్నప్పుడు పొద్దున్నే ట్రైన్‌లో నా ఎదురు సీట్లో కూర్చునేవారు. రిటైర్‌మెంట్‌కి దగ్గరపడిన ఇంజనీర్. బీపీ ఎక్కువైందని డాక్టర్ ఏదైనా హాబీ పెట్టుకోమంటే, ఆంటీ యోగా మ్యాట్ తెమ్మన్నారట. ఈయన ఊలు, సూదులు కొనుక్కుని ఇంటికి వచ్చారు.

"చొక్కా బొత్తాం ఊడితే మాత్రం నేనే కుట్టాలి" అని ఆంటీ ఎప్పుడూ దెప్పేవారు.

తమాషా ఏమిటంటే, అంకుల్‌కి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి. పుట్టుకతోనే అంత. అలాంటి మనిషి రెండు రంగుల ఊలుతో డిజైన్ టోపీలు అల్లేవారు. సంచిలోంచి ఉండ తీసి పక్కనున్నవాళ్ళని "ఇదేం రంగు?" అని అడిగేవారు. పక్క సీటు అమెరికన్ ఆవిడ లాప్‌టాప్ మీంచి తల తిప్పకుండానే "గ్రీన్, రమణా" అనేది.

నాకు మినియాపొలిస్‌కి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. వీసా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది, కాదనలేకపోయాను. అంతవరకు మంచు ముఖం చూడలేదు. అక్కడ నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ట్రైన్‌లో ఆ మాట చెప్పి ఏడ్చేశాను.

అంకుల్ ఓదార్చలేదు.

"ఊలు తెచ్చుకో. టోపీ అల్లుకుందువుగాని" అన్నారు.

మెరూన్, ముదురు ఆకుపచ్చ తెచ్చాను. అమ్మ పట్టుచీర కాంబినేషన్.

"రెండూ ఒకటే కదమ్మా" అన్నారు.

"అది మీ కళ్ళకి అంకుల్" అని నవ్వాను.

"ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తియ్యి, చూద్దాం."

తీశాను. రెండు ఉండలూ ఒకే బూడిద రంగు. ఏది ఏదో నాకే తెలియలేదు.

"ముదురు పక్కన లేత ఉండాలమ్మా. లేకపోతే ఎంత కష్టపడినా నీ డిజైన్ ఎవడికీ కనపడదు."

మెరూన్ ఆయన తీసేసుకున్నారు. నాకు మీగడ రంగు ఉండ ఇచ్చారు.

రౌండ్‌గా అల్లే సూదులకి మధ్యలో ఒక తీగ ఉంటుంది. వరస అయిపోయిందని వెనక్కి తిప్పే పని లేదు. అలా చుట్టూ తిరుగుతూ పోవడమే. కిటికీ అవతల పొగమంచు, మడుగులు, తెల్ల పక్షులు. ట్రైన్ ఊగుతూ ఉండేది, చుక్కల్లాంటి డిజైన్ చేతిలో పెరుగుతూ ఉండేది. ఆ పొద్దులన్నీ నాకు ఒకే పొద్దులా గుర్తున్నాయి. నిద్రకీ మెలకువకీ మధ్యలో ఎక్కడో.

నాకు ఆఫీస్ కాల్ వస్తే టోపీ ఆయన అందుకుని అల్లేవారు. కాల్ అయ్యాక మళ్ళీ నా చేతికిచ్చేవారు. ఆయనది నున్నగా, షాపులో కొన్నట్టు ఉండేది. నాది ముడతలు.

"పీక పిసికినట్టు లాగేస్తున్నావేంటమ్మా. వెనకాల సాగే రెండో రంగు దారాన్ని కాస్త వదులు చెయ్యి. అదెక్కడికీ పారిపోదు."

సిగ్గేసి, మొత్తం మీరే అల్లేయండి అంకుల్ అన్నాను.

"అప్పుడు అది నా టోపీ అవుద్ది. పూర్తయ్యాక గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టు. పిండకుండా టవల్‌లో చుట్టి ఆరెయ్యి. ముడతలు పోయి అన్నీ సర్దుకుంటాయి."

ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే ఆయన చెప్పినట్టే ఉతికాను.

ఈ రోజు పొద్దున ఆంటీ వీడియో కాల్ చేశారు. అప్పటికే టోపీని లోపలికి, బయటికి ఎన్నిసార్లు తిప్పి చూశానో. వెలుతురుకి పెట్టి చూశాను. కళ్ళు మూసుకుని వేలితో తడిమాను. ఆయన చేయి ఎక్కడ మొదలైందో, నాది ఎక్కడ ఆగిందో దొరకలేదు. అంతా ఒకలాగే ఉంది.

ఆవిడ అడిగింది ఒక్కటే. అది కూడా ఇవ్వలేకపోతున్నానని ఏడుపు ఆగలేదు.

"తెలియట్లేదు ఆంటీ. ఏది ఆయనదో, ఏది నాదో తెలియట్లేదు."

ఆంటీ కళ్ళు తుడుచుకుని, "అయితే బాగానే ఉతికావన్నమాట" అన్నారు.

"మొత్తం చూపించమ్మా. మెల్లగా తిప్పు."

కెమెరా ముందు టోపీని మెల్లగా తిప్పాను. ఒక చుట్టు అయ్యాక, ఇంకోసారి తిప్పమన్నారు.

వెళ్ళి రండి అంకుల్. ఏ బెంగా లేకుండా హాయిగా నిద్రపోండి. ఇక్కడ నా చెవులు వెచ్చగా ఉన్నాయి.