గోడ మీద మీట లేని కాన్పు గది

ఒమన్‌లో మూడేళ్లు, ఐర్లాండ్‌లో ఆరేళ్లు ప్రసూతి వార్డు నర్సుగా చేసి, సెలవు మీద బళ్లారి గాంధీనగర్‌లోని మా ఇంటికి వచ్చాను. నాతో నర్సింగు చదివిన శారద ఫోన్ చేసింది. "పరదేశం ముచ్చట్లు శానా సెప్తావు. ఒగసారి నా పని గూడా సూసి పో."

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని ఎనిమిదింటి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. పక్క సీటు పెద్దామె యాడికని అడిగితే చెప్పాను.

"శారద సిస్టరు కాడికా? ఆయమ్మ ఉండాదనే మాకు ధైర్యం" అంది.

తొమ్మిదిన్నరకు సిరిగేరిలో దిగి, షేర్ ఆటోలో ఇంకో అరగంట. ఆ పల్లెలో ఆరోగ్య ఉపకేంద్రమంటే రెండు గదులు, ఒక్క శారద.

పదకొండు దాటాక నాట్లు వేసే హనుమక్కను నొప్పులతో ట్రాక్టరులో తెచ్చారు. 108కు ఫోన్ చేశాం. అది వచ్చేలోగానే ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు.

ఐర్లాండ్‌లో ఇలాంటప్పుడు గోడకున్న మీట నొక్కితే చాలు, పిల్లల డాక్టరుతో సహా నలుగురు పరుగెత్తుకొస్తారు. అలవాటుగా నా చెయ్యి గోడ మీదికి పోయింది. అక్కడ టీకాల పట్టిక తప్ప ఏమీ లేదు.

"గోడ దిక్కు ఏం సూస్తాండావే? తల పట్టుకో!"

శారద బిడ్డ ముఖానికి మాస్కు ఆనించి గాలి సంచి నొక్కసాగింది. నేను తల సరిగా పట్టుకుని గుండె చూస్తూ కూర్చున్నాను. నీలి పెదవులు కదిలాయి. ఆ తర్వాత పిల్ల పెట్టిన కేకకు వాకిట్లో ట్రాక్టరు డ్రైవరు చేతులెత్తి మొక్కాడు. తల్లీబిడ్డలను అంబులెన్సు పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

జొన్నరొట్టె, వంకాయ కూర తింటూ శారద అడిగింది. "మీ ఐర్లాండ్ వార్డులో పనిసేసేటోళ్లంతా ఆ దేశమోళ్లేనా?"

"కాదు. మా వార్డులో సగం మంది కేరళ, ఫిలిప్పీన్స్ వాళ్లే. ఒమన్‌లోనైతే డాక్టర్లు కూడా బయటివాళ్లే, ఈజిప్టు నుంచీ సూడాన్ నుంచీ."

"అట్లయితే వాళ్ల ఊర్లల్లో ఎవరుండారో!" ఇంకో రొట్టె తుంచింది. "నేనూ వస్తా వసంతా. జీతం కోసరం గాదు. ఒగ దినం ఫోను బంద్ చేసి పండుకోవల్ల."

రెండింటి బస్సుకు వెళ్లాల్సినదాన్ని ఆగిపోయాను. ఆమె ఫోను లాక్కుని, లోపలి గదిలో పడుకోమన్నాను. రెండు గంటల్లో ఏడుసార్లు మోగింది. ఒకరికి జ్వరం, ఇంకొకరికి టీకా అనుమానం, ఒకామెకు ఊరికే భయం. అన్నింటికీ నేనే జవాబు చెప్పాను. నాలుగున్నరకు లేచిన శారద నిద్రకళ్లతో హాస్టల్ రోజుల్లోలాగే నవ్వింది.

నేను ఆటో ఎక్కుతుంటే, "పరదేశం పోయేదానికి రాసే ఇంగ్లీషు పరీక్షకు నేర్పిస్తావా?" అంది శారద.

"నేర్పిస్తా" అన్నాను. తొమ్మిదేళ్ల కిందట వెళ్లిపోయినదాన్ని, వద్దని ఏ నోటితో చెప్పను?

సిరిగేరిలో అయిదున్నర బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చున్నాను. కాలువ కింది మళ్లలో ఆడవాళ్లు వరుసగా వంగి ఇంకా నాట్లు వేస్తున్నారు. వాళ్లలో ఎవరికి నెలలు నిండుతున్నాయోనని, బళ్లారి దాకా నా కళ్లు వెతుకుతూనే ఉన్నాయి.