తెల్లారగట్ల మీటింగు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పుష్యమాసం వచ్చిందంటే, తెల్లవారుజామున బిందెలో నీళ్ళు ముట్టుకోవడానికి పెద్దవాళ్ళు కూడా వెనకాడేవారు. మాది ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచున ఉన్న పల్లె. ఇప్పుడు నేను ఖతార్‌లో ఒక కంపెనీ క్యాంపులో వంటవాణ్ణి. ఇక్కడ కూడా చలి పెడుతోందంటే నా బిడ్డ ఫోన్‌లో పకపకా నవ్వుతుంది. "దుబాయ్‌ల చలేంది నాయినా?" అంటుంది. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా దానికి ఇది దుబాయే. దానికి తెలియదు కాబట్టి నవ్వితే నవ్వనీ అనుకుంటాను. తెలిసీ తెలియనట్టు మాట్లాడేవాళ్ళను చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న అలాంటి మనిషి ఎదురుపడ్డాక, మా బాపమ్మ చేసిన పని ఒకటి రాసి పెట్టాలనిపించింది.

ఆ యేడు చలికాలంలో మా అమ్మ నా చెల్లెల్ని కన్నది. మా వైపు బాలింత మంచం కింద కుంపటి ఆరకూడదు, పూటపూటకూ వేణ్ణీళ్ళు ఉండాలి. ఆ కట్టెల భారమంతా మా నాన్నకు తల్లి అయిన మా బాపమ్మదే. రోజూ అడవి అంచుకు పోయి, రాలిపడిన ఎండుపుల్లలు ఏరి మోపు కట్టుకుని తెచ్చేది. పచ్చి కొమ్మ మీద ఏనాడూ చెయ్యి వెయ్యలేదు. అయినా ఒకరోజు అడవిశాఖ జవాను దారిలో ఆపి, ఆమె నెత్తి మీది మోపు దించి జీపులో వేసుకున్నాడు. కొత్తగా వచ్చిన సారు, అడవిలోంచి పుల్ల కూడా బయటికి పోకూడదని ఆర్డరు వేశాడట. నేను ఆమె వెంటే ఉన్నాను. అరవై ఏళ్ళ ముసలిదాని నెత్తి మీంచి పుల్లలు లాక్కోవడానికి ఆ మనిషికి చేతులెలా వచ్చాయో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఇంట్లో మిగిలిన పిడకలు ఆ సాయంత్రానికే అయిపోయాయి. నడిరాత్రికి కుంపటి చల్లారింది. పసిగుడ్డు పెదవులు నీలంగా మారితే, అమ్మ దాన్ని రొమ్ముకు అదుముకుని, ఉన్న గొంగళ్ళన్నీ కప్పుకుని అలాగే కూర్చుంది. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు ఉంది ఆమె ముఖం.

మర్నాడు మధ్యాహ్నం ఆ సారే అడవి సంరక్షణ మీద మాట్లాడటానికి ఊళ్ళోకి వచ్చాడు. నడినెత్తిన ఎండ కాస్తోంది. బడి వరండాలో కుర్చీ వేసుకుని, పొట్టి చేతుల చొక్కాతో కూర్చుని, కట్టెలు కాల్చడం తగ్గించుకోండి, ఈ మాత్రం చలికి ఒక దుప్పటి చాలదా అని హితబోధ చేశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, కానీ అక్కడ వినేవాళ్ళు కూడా పదిమంది లేరు. జనం ఏరీ అని ఆయన విసుక్కున్నాడు. అప్పుడు బాపమ్మ లేచి చాలా వినయంగా చెప్పింది.

"అందరు పత్తి ఏరవోయిండ్రు సారూ. జనం గావాల్నంటే రేపు తెల్లారగట్ల రాండ్రి. అందర్ని నేను పిలుస్త."

ఆయన మకాం దగ్గర్లోని అడవి బంగళాలోనే కాబట్టి సరేనన్నాడు. పొద్దుగూకి జనం చేలనుంచి రాగానే బాపమ్మ నా చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మా ఊళ్ళో పత్తి చేనుకు పోయేముందు అందరూ చావడి దగ్గర చలిమంట కాగుతారు. రేపు ఆ మంట వెయ్యొద్దని ఆమె ప్రతి గడపకూ చెప్పింది. పక్కింట్లోంచి నాలుగు పిడకలు అడిగి తెచ్చి, ఆ పూటకు కుంపటి రాజేసింది.

తెల్లవారుజామున ఊరంతా చావడి దగ్గర గొంగళ్ళు కప్పుకుని కూర్చుంది. మంచుకు ఎదుటి మనిషి ముఖం కనబడటం లేదు. సారు పల్చటి స్వెట్టరు వేసుకుని వచ్చి కాగితం చూసి చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికి కాగితం వణికింది, తర్వాత మాట వణికింది. చేతులు చంకల్లో పెట్టుకుని, ఇక్కడ మంట వెయ్యరా అని అడిగాడు.

"దేనితోని ఎయ్యమంటరు సారూ? పుల్ల ముట్టద్దని మీరే అంటిరి" అంది బాపమ్మ.

ఆయన జవాను వైపు చూశాడు. జవాను జీపు దగ్గరికి పోయి ఒక మోపు పట్టుకొచ్చాడు. అది మాదే. బాపమ్మ లేచి, అతని చేతిలోంచి మోపు తీసుకుని నెత్తికెత్తుకుంది.

"ఇంట్ల బాలింత ఉన్నది. ముందుగాల ఆమెకు. మిగిలితె మీకు పంపిస్త."

అంతే, ఇంటివైపు నడిచింది. జవాను అడ్డం రాబోతే సారే చెయ్యెత్తి ఆపాడు. ఎండ వచ్చేదాకా ఆయన ఆ చలిలోనే కూర్చుని, వెళ్ళేముందు, రాలిన పుల్లలు ఏరుకునేవాళ్ళ జోలికి పోవద్దని జవానుకు చెప్పాడు. కాగితం మీది ఆర్డరు మారిందో లేదో నాకు తెలియదు. నా చెల్లెలు మాత్రం బతికింది, ఇప్పుడు మనవరాళ్ళను ఎత్తుకుంటోంది. మొదటిరోజే ఎందుకు కొట్లాడలేదని అడిగితే బాపమ్మ, "చలి ముచ్చట ఎండల కూసుంటె తెగదు బిడ్డా" అంది.

ఇక్కడి సంగతీ అదే. క్యాంపులో నీళ్ళ ట్యాంకు మిద్దె మీద ఉంటుంది. ఎండాకాలం ఆ నీళ్ళు ఒళ్ళు బొబ్బలెక్కిస్తాయి, జనవరిలో కొయ్యబారుస్తాయి. గీజర్లు చెడి నెల దాటింది. డ్యూటీ బస్సు కోసం కూలీలు నాలుగింటికే లేచి ఆ నీళ్ళే పోసుకుంటున్నారు. నా గదిలో ఉండే జగిత్యాల మేస్త్రీ ఏషియన్ టౌన్ బజారులో మంకీ క్యాప్ కొనుక్కున్నాడు గానీ దగ్గు తగ్గలేదు, ఊపిరి తీస్తే పిల్లికూతలు వినబడుతున్నాయి. మొన్న మధ్యాహ్నం రెండింటికి క్యాంప్ బాస్ మీటింగు పెట్టి, "గల్ఫ్ మే ఠండ్ కహా హై? మాఫీ ముష్కిల్" అన్నాడు. గల్ఫ్‌లో చలెక్కడిదట, ఏ ఇబ్బందీ లేదట! వేడినీళ్ళకు లోటు లేదని రాసిన కాగితం మీద, అందరికంటే పెద్దవాణ్ణని, మొదటి సంతకం నన్నే పెట్టమన్నాడు.

తెల్లవారుజామున నాలుగింటికి బాత్రూముల దగ్గరికి రండి, అక్కడ పెడతానన్నాను. అది ఆఫీసు టైము కాదన్నాడు. మాకు డ్యూటీ టైమేనన్నాను. ఆయనకు కోపం వచ్చింది. పొయ్యి ముందు నిలబడే వంటవాడివి, నీకేం చలి అని గద్దించాడు.

ఆ మాట మాత్రం నిజం. రోజంతా నేను మంట పక్కనే ఉంటాను. చలికి వణికేవాళ్ళ మాట మంట పక్కనున్నవాడు చెప్పకూడదు, అందుకే నా సంతకం ఆ కాగితం మీద పడదని చెప్పి పెన్ను ఆయన చేతిలోనే పెట్టి వచ్చాను.