రెండు నిమిషాల్లో ఖాతా

మా బ్యాంకులో ఖాతాలు తెరిచే కుర్చీలో పంతొమ్మిదేళ్ళు ఒక్కావిడే కూర్చుంది. ఎదుట అక్కా అనేవాళ్ళం, వెనకాల వాకబు మేడం అనేవాళ్ళం. ఫారం నింపమని వచ్చిన మనిషిని ఆవిడ అంత తేలిగ్గా వదిలేది కాదు. ఈ కార్డులో రాసిన ఇంట్లోనే ఉంటున్నావా, ఉత్తరం వస్తే ముందు ఎవరి చేతిలో పడుతుంది, వాళ్ళు నీకు నమ్మకస్తులేనా? ఒక్కో మనిషికి అరగంట. వరసలో వాళ్ళు గొణుక్కునేవాళ్ళు. పక్క కిటికీలో క్యాషియరుగా ఉన్న నేనూ గొణిగాను. పెళ్ళి సంబంధానికి కూడా ఇంత ఆరా తియ్యరని జోకులు వేశాను. నా జోకులకు ఆఫీసులో మంచి గిరాకీ ఉండేది.

ఆవిడ ఆరాలకు కారణం ఒకసారి ఆవిడే చెప్పింది. భర్త పోయిన ఏడాదికి ఈ ఉద్యోగం వచ్చిందట. అప్పటికి ఆవిడ పుట్టింట్లో ఉంది. ఉత్తర్వు మాత్రం పాత చిరునామాకు, అత్తవారింటికి వెళ్ళింది. మరిది దాన్ని బీరువాలో పడేసి మూడు నెలలు నోరు మెదపలేదు. ఆఖరి గడువుకు రెండు రోజుల ముందు తోడికోడలు చాటుగా కబురు పంపబట్టి సరిపోయింది. ఇది విన్నాక కూడా నేను జోకులు మానలేదు.

ఇంతలో కొత్త మేనేజరు దిగాడు, వెంట టిఫిను డబ్బా అంత స్కానరు. గాజు మీద గుర్తింపు కార్డు పెడితే నీలం లైటు ఒకసారి అటూ ఇటూ తిరిగి పేరు, పుట్టిన తేదీ, చిరునామా వాటంతటవే ఫారంలోకి వచ్చిపడతాయి. మొదట తన కార్డే పెట్టి చూపించాడు. మిషను తన పేరు తప్పు లేకుండా చదివినందుకు, ఎవరో శాలువా కప్పినట్టు మురిసిపోయాడు. ‘కార్డు పెట్టండి, రెండు నిమిషాల్లో ఖాతా పొందండి’ అని గుమ్మం మీద పెద్ద బ్యానరు కట్టించాడు.

"మంచిదే సార్, రాసే బాధ తప్పింది" అంది ఆవిడ. "కానీ కార్డు చేయించుకున్నప్పటి సంగతే కదా అందులో ఉండేది. ఇప్పటి సంగతి మనిషినే అడగాలి."

"ఇది బ్యాంకు మేడం, పోలీస్ స్టేషన్ కాదు. ఓకే నొక్కండి చాలు."

ఆవిడ అడగడం మానలేదు. స్కానరు వచ్చాక కూడా మనిషికి పదకొండు నిమిషాలు. ఎవరెన్ని నిమిషాలు తీసుకుంటున్నారో మేనేజరు గోడ మీద పట్టిక అంటించాడు. మూడో వారానికల్లా ఆవిణ్ణి రికార్డు గదిలో పాత కట్టలు సర్దే పనిలోకి తోసి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. ‘ప్రస్తుత చిరునామా కూడా ఇదే’ అన్న గడిలో ముందే టిక్కు పడి ఉండేలా చేయించాడు, నలభై సెకన్లు మిగులుతాయని. నేను ఒక నిమిషం యాభై సెకన్లకు దించాను. నాకో ఖరీదైన పెన్ను బహుమతిగా ఇచ్చాడు, రాసే పనే లేని కుర్చీలో కూర్చున్నవాడికి. సిగ్గు లేకుండా జేబుకు తగిలించుకుని తిరిగాను.

ఒక మధ్యాహ్నం ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే ఆమె వచ్చింది. అక్కడి నీలం యూనిఫాంలోనే ఉంది, చేతులు నీళ్ళకు నాని తెల్లబడి ఉన్నాయి. కార్డు గాజు మీద పెట్టాను.

"సార్, ఆ కార్డులో ఉన్న ఇల్లు..."

"అన్నీ అదే చూసుకుంటుందమ్మా."

"నేనిప్పుడు అక్కడ ఉండట్లేదు సార్."

వినబడలేదని అబద్ధం చెప్పను. స్పష్టంగా వినబడింది. కానీ అప్పటికే ఒక నిమిషం నలభై సెకన్లు. తర్వాత మార్చుకోవచ్చులే అని ఓకే నొక్కాను.

పదకొండో రోజున ఆమె మళ్ళీ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఏటీఎం కార్డు కవరు ఆమె భర్త ఇంటికి వెళ్ళింది. అతని దెబ్బలకు తాళలేక ఏడాదిన్నర కిందట కూతుర్ని తీసుకుని బయటపడిందట. ఏ ఊళ్ళో తలదాచుకుందో అతనికి నిన్నటిదాకా తెలియదు. కవరు మీద మా బ్రాంచి పేరు, వీధి, ఊరు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, ఖాతాదారుల సౌకర్యం కోసం. అతను ఆ కవరు పట్టుకుని నిన్న నేరుగా మా దగ్గరికే వచ్చాడు. మా గార్డు మర్యాదస్తుడు, అతను చూపిన ఫొటోలో ఆమెను గుర్తుపట్టి, ఏ యూనిఫాంలో వచ్చిందో చెప్పి ఆస్పత్రికి దారి కూడా చూపించాడు. తోటి పనివాళ్ళు ఆ పేరుగల మనిషే లేదని బొంకి పంపేశారు. రేపు మళ్ళీ వస్తానన్నాడట. ఈ సాయంత్రం బస్సుకే ఊరు వదిలి పోతోంది. ఖాతా మూసేయమంది.

"సిస్టం కార్డులో ఉన్నదే తీసుకుంది" అన్నాడు మేనేజరు. "చిరునామా మార్పుకి వేరే ఫారం ఉందిగా. అడిగితే ఇచ్చేవాళ్ళం." ఈ మాట చెప్పి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అతన్ని తిట్టుకోబోయాను, కానీ ఓకే నొక్కిన వేలు నాది.

ఖాతా మూయడం స్కానరుకు చేతకాదు. దానికి కాగితం ఫారమే ఉంది, అది నింపడం ఒక్కావిడకే తెలుసు. రికార్డు గదిలోంచి చేతుల దుమ్ము దులుపుకుంటూ వచ్చింది. తన కుర్చీలో నేనున్నాను కాబట్టి ఖాతాదారుల స్టూలు లాక్కుని, ఆమె పక్కనే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే జరిగినదంతా ఆమెనే అడిగి తెలుసుకుంది.

"ఖాతాలో మిగిలిన డబ్బు పంపాలంటే చిరునామా కావాలమ్మా" అంది, గొంతు తగ్గించి. "ఎక్కడికి వెళ్తున్నావు?"

ఆమె తల పైకెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాగ్రత్త ఉంది.

"ముందు ఆయన్ని ఇక్కణ్ణించి వెళ్ళమనండి అక్కా. తర్వాత చెప్తాను."

నేను లేచి, బ్యానరు కింద నుంచి బయటికి నడిచాను.