అక్క ఆపమనలేదు

మా పక్కింటాయనను వీధంతా తమ్ముడు అనే పిలిచేది. ఆయన అక్క గుమ్మంలో నిలబడి పొద్దస్తమానం "తమ్ముడూ" అని కేకవేయడం వల్ల ఆ పిలుపు గోడలు దాటి అందరి నోళ్లలోనూ పడింది. ఆయన వయసులో సగం లేనివాళ్లు సైతం "తమ్ముడుగారూ, కళ్లద్దాలు జారిపోతున్నాయి, కాస్త చూస్తారా" అని అడిగేవారు. ఆయన నొచ్చుకునేవాడు కాదు. చొక్కా అంచుతో అద్దం తుడిచి, మర బిగించి ఇచ్చేవాడు.

కళ్లద్దాల దుకాణం వెనక గదిలో ఆయన పని. కోసి తెచ్చిన అద్దాన్ని చట్రం కొలతకు అరగదీయాలి, అంచు నున్నగా చేయాలి, పగలకుండా బిగించాలి. పెళ్లి చేసుకోలేదు. అక్క బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైంది. అంతకు చాలా ఏళ్ల ముందే, భర్త పోయినప్పుడు, చిన్నపిల్లగా ఉన్న కూతురిని వెంటబెట్టుకుని తమ్ముడింటికి వచ్చింది. కొద్ది రోజుల్లోనే అది అక్క ఇల్లు అయింది, తమ్ముడు అందులో ఉంటున్నవాడయ్యాడు. ఏ పని ముందు, ఏ వస్తువు ఎక్కడ అన్నది ఆవిడే చెప్పేది. సాయంత్రం పెరట్లో కోళ్లను గూట్లోకి తోలేటప్పుడు కూడా "లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే" అని గదమాయించేది. మిగతావాటి ముక్కుల ముందు దూరి వాటి తిండి పరీక్షించే ఒక నల్లకోడికి చెకింగు అని పేరు పెట్టింది.

ఆవిడ పెత్తనం ఆయనను ఎదగనివ్వలేదని కొందరు అనేవారు. అక్క మాట ఆయన అయిష్టంగా విన్నట్టు నేనెన్నడూ చూడలేదు. చెప్పేవాళ్లు ఒకరుండటం ఆయనకు హాయిగానే ఉండేది. ఇందులో ఎవరిని తప్పుపట్టడానికీ నాకు ఆధారం దొరకలేదు.

అక్కకు గుండె ఆపరేషన్ అన్నారు. ఆసుపత్రికి బయలుదేరిన రోజుల్లోనే ఆ ఇంటి కోళ్లు ఈకలు రాల్చడం మొదలుపెట్టాయి. మెడలు బోసిపోయి, తోకలు ఊడి, చూడటానికి జబ్బుపడ్డట్టు కనిపించేవి. అది జబ్బు కాదు. పాత ఈకలు పోయి కొత్తవి వచ్చే కాలం. ఈక అంటే చాలావరకు మాంసకృత్తులే కాబట్టి అప్పుడు వాటికి ప్రొటీన్ ఎక్కువ ఉన్న తిండి కావాలి. ఆ సంగతి అక్కకు తెలుసు. ఒక కాలు ఆటోలో పెట్టి ఆవిడ అన్న మాటలు గేటు దగ్గర నిలబడిన నేను స్వయంగా విన్నాను.

"తమ్ముడూ, మామూలు దాణా పక్కన పెట్టెయ్యి. బ్రాయిలర్ దాణా తెప్పించాను, ఇకనుంచి అదే వెయ్యి. ఈకలు రావాలంటే బలం కావాలి."

"ఎన్నాళ్లు వెయ్యాలక్కా?"

"నేను చెప్పేదాకా ఆపకు. మధ్యలో నీ తెలివి ఉపయోగించావో, కొంప మునుగుతుంది."

"సరే."

ఆపరేషన్ తర్వాత ఆవిడకు స్పృహ రాలేదు. కూతురు అద్దం కిటికీ అవతల, తమ్ముడు కూతురి పక్కన నిలబడి ఉండగానే అయిపోయింది.

ఆయన ఏడవలేదు. మర్నాడూ ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. "ఒక్క చుక్క రాలలేదు చూశావా, మనిషా రాయా" అని ఎదురింటి వరండాలో ఎవరో అన్నారు. కన్నీళ్లు రాకపోవడాన్ని బట్టి మనిషి లోపల ఏముందో తేల్చడం న్యాయం కాదు. ఆయన వేళకు పనికి వెళ్లాడు, అద్దాలు మునుపటిలాగే అరగదీశాడు. ఇంటికొచ్చి అన్నం తిన్నాక, తిన్నానో లేదో గుర్తులేక మళ్లీ కంచం పెట్టుకునేవాడు. ఎలా ఉన్నారని అడిగితే ఒకసారి మాత్రం ఇలా చెప్పాడు: "బకెట్లో తల ముంచినప్పుడు బయట మాటలు వినబడతాయే సార్, అలా వినబడుతున్నాయి అన్నీ."

దాణా మాత్రం మరవలేదు. కొన్ని వారాలకు కోళ్లకు నిగనిగలాడే కొత్త ఈకలు వచ్చాయి. అక్క చెప్పింది అక్షరాలా నిజమైంది. ఇబ్బంది అక్కడి నుంచే మొదలైంది. ఈకలు నిండాక కోళ్లు మళ్లీ గుడ్లు పెట్టసాగాయి. గుడ్డు పెంకుకు సున్నం కావాలి. మాంసం కోసం పెంచే పిల్లలకు చేసిన బ్రాయిలర్ దాణాలో సున్నం అంత ఉండదు. మొదట పెంకులు పలచబడ్డాయి. తర్వాత పెంకే లేని తోలుగుడ్లు వచ్చాయి, పట్టుకుంటే వేలు దిగిపోయేవి. ఒక గుడ్డు ఆయన చొక్కా జేబులోనే పగిలింది. చొక్కా ఉతికి ఆరేశాడు. మర్నాడు ఆ చొక్కాయే తొడుక్కుని, ఆ జేబులోనే మళ్లీ గుడ్లు వేసుకున్నాడు.

మా కుక్కకు తిండి కొనడానికి నేను దాణా కొట్టుకు వెళ్లినప్పుడు ఆయన అక్కడున్నాడు.

"మళ్లీ బ్రాయిలరేనా తమ్ముడూ?" అన్నాడు కొట్టతను. "గుడ్లు పెట్టే కోళ్లకు ఇదేం మేపుడు? కోసుకు తింటావా ఏంటి వాటిని?"

"అక్క వెయ్యమంది."

"ఈకల కోసం వెయ్యమంది. వచ్చాయా?"

"వచ్చాయి."

"మరింకేం, ఆపెయ్."

"ఆపమనలేదు."

కొట్టతను నావైపు తిరిగి నవ్వాడు. "చూశారా సార్, కండక్టరు దిగిపోయినా మన డ్రైవరు బండి ఆపనంటున్నాడు." అనేశాక ఆ మాట ఎంత దూరం వెళ్లిందో తెలిసి నాలుక కరుచుకున్నాడు. తమ్ముడి ముఖంలో మార్పేమీ లేదు. సంచి భుజానికెత్తుకుని నడిచాడు.

చెకింగు కాళ్లు చచ్చుబడిన రోజున నేనే ఆయన మేనకోడలికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి వేరే ఊళ్లో ప్రెస్సులో పనిచేస్తోంది. పొద్దున్నే దిగి, కోడిని బుట్టలో పెట్టి, మామయ్యను వెంటబెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరకు వెళ్లింది. బండి నాదే కాబట్టి నేనూ విన్నాను. డాక్టరమ్మ కోడి రొమ్ము ఎముకను వేళ్లతో తడిమి చూసింది.

"దాణాలో సున్నం చాలక ఎముకల్లోది లాగి పెంకు కడుతోందండీ. ఆ దాణా ఇవాళే ఆపండి. గుడ్ల కోళ్ల దాణా వేసి, సున్నం కోసం గుల్లల పొడి విడిగా పెట్టండి. మిగతావి తేరుకుంటాయి. దీని సంగతి చెప్పలేను. ఇలాగే మేపితే మాత్రం ఒకదాని తర్వాత ఒకటి కూలబడతాయి."

ఇంటికొచ్చాక ఆయన నేరుగా పెరట్లోకి వెళ్లి బ్రాయిలర్ దాణా డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. మేనకోడలు అడ్డం నిలబడింది. గోడ ఇవతల నేనూ, మా ఆవిడా ఉన్నాం.

"డాక్టరమ్మ చెప్పింది విన్నావుగా మామయ్యా."

"విన్నా."

"మరి ఆ డబ్బా కింద పెట్టు."

"అక్క ఆపమనలేదమ్మా."

"అమ్మ లేదు మామయ్యా."

"తెలుసు."

అది తెలియని మనిషి గొంతు కాదు. మా ఆవిడ అమ్మాయిని గోడ దగ్గరకు పిలిచి గొంతు తగ్గించింది. "మీ అమ్మ నీతో చెప్పిందని ఒక్క మాట అనవే. ఈకలొచ్చాక మానెయ్యమందని. కోళ్లు బతుకుతాయి."

"అంటే నమ్ముతాడు పిన్నీ. అందుకే అనను. అమ్మ నోటితో నేను అబద్ధం ఆడలేను."

మా ఆవిడకు కోపం వచ్చింది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందని నాకు తోచింది.

"పోనీ నువ్వు ఆపమను," అన్నాడు తమ్ముడు అవతలినుంచి. "నువ్వంటే ఆపేస్తా."

"అననంటే అనను."

"అంత పంతమేంటే నీకు?" అన్నాడు.

"పంతం కాదు. ఇవాళ కోళ్లకు నన్నడుగుతావు. రేపు పాలవాడికి ఏం చెప్పాలో అడుగుతావు. ఎల్లుండి గొడుగు తీసుకెళ్లాలా వద్దా అంటావు. నేను సాయంత్రం బండికి పోవాలి మామయ్యా. నాకు ఉద్యోగం ఉంది." ఆ అమ్మాయి ముక్కు ఎర్రబడింది. "ఆపితే ఆపు. లేకపోతే వాటికి అదే వెయ్యి. నేను చూస్తూ ఉంటా."

కోళ్లు ఆయన పాదాల చుట్టూ చేరాయి. బుట్టలోంచి దింపిన చెకింగు లేవబోయి, లేవలేక, రెక్కలు నేలకు ఆనించి పొట్టమీద ఈడ్చుకుంటూ వచ్చింది. మిగతావాటిని తోసుకుని ముందుకు రావడం అలవాటైన కోడి. మధ్యలోనే ఆగి, మెడ మాత్రం డబ్బావైపు సాచింది. ఆయన దానిని చాలాసేపు చూశాడు. డబ్బా మూత సగం తెరిచే ఉంది.

మూత పెట్టేశాడు.

"ఈ పూటకి వెయ్యను," అన్నాడు. డబ్బా కింద పెట్టాడు. "ఇంక వెయ్యను."

తర్వాత బట్టలుతికే బండమీద కూర్చుని, అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఏమీ అనిపించడం లేదే," అన్నాడు మేనకోడలితో, ఆమె ఏదో దాచిపెట్టినట్టు.

"టైం పడుతుందిలే. ముందు లేచి కొట్టుకు పద, ఆకలితో అరుస్తున్నాయి."

కొత్త దాణాకు మిగిలిన కోళ్లు తేరుకున్నాయి. గుడ్ల పెంకులు క్రమంగా గట్టిపడ్డాయి. చెకింగుకు ఆయన రోజూ చేత్తో తినిపించాడు, నీళ్ల గిన్నె ముక్కు దగ్గర పట్టుకున్నాడు. అది కొన్నాళ్లు తింది, తర్వాత తినలేదు. ఒక ఆదివారం పొద్దున గోడ దగ్గరకు వచ్చి నన్ను పిలిచాడు.

"అది పోయింది సార్."

"అయ్యో."

"ఈకలు రాగానే ఆపి ఉంటే బతికేదా?"

లేదని చెప్పడం తేలిక. "బతికేదనే అనుకుంటాను," అన్నాను. "వయసు మీరిన కోడి, కచ్చితంగా చెప్పలేను. కానీ బతికే అవకాశమే ఎక్కువ."

ఆయన తల ఊపాడు. "మా అక్కయితే ఇలా అనేది కాదు. నీ తప్పేం లేదు పోరా అనేది."

"అనేది," అన్నాను.

కళ్లు ఎప్పటిలాగే పొడిగా ఉన్నాయి. గోడమీద చెయ్యి ఆనించాడు. "గొయ్యి ఎక్కడ తవ్వితే..." అని మొదలుపెట్టి, నా ముఖంకేసి చూసి, ఆగిపోయాడు. వెనక్కి తిరిగి పెరడంతా ఒకసారి కలయజూశాడు. గూటి వెనక్కి వెళ్లి గునపంతో రెండు పోట్లు పొడిచాడు. నేల రాయిలా ఉంది. ఇంకాస్త పక్కకు జరిగి మళ్లీ మొదలుపెట్టాడు.